బేగూరు రాయి, నార్వే నెమళ్ళు

హిందూపురం నుంచి బెంగుళూరు వంద కిలోమీటర్లు. మా వైపు వాళ్ళకు పట్నమంటే అదే. పెళ్ళిబట్టలకైనా, కంటి ఆపరేషన్‌కైనా, ఇంజనీరింగు చదివిన పిల్లల ఉద్యోగాలకైనా పొద్దున్నే బయల్దేరి అక్కడికే పోతాం. హైదరాబాదు మాకు పేపర్లో కనబడే ఊరు. ఆ మధ్య నేను పోయింది మాత్రం ఈ పనుల్లో దేనికీ కాదు. ఒక పాత తగాదా చూసి వద్దామని పోయాను. పాతదంటే పదకొండు వందల ముప్పయ్యేళ్ళ పాతది. అందులో మాది అవతలి పక్షం.

మడకశిర దాటి అమరాపురం దిక్కుగా పోతే హేమావతి వస్తుంది. ఇప్పుడు చిన్న పల్లె. ఒకప్పుడు హెంజేరు అనే పేరుతో నొళంబ రాజుల రాజధాని. అక్కడి సిద్ధేశ్వరుడి గుడిలో శివుడు లింగంగా ఉండడు, మనిషిలాగా కూర్చుని ఉంటాడు. నల్లరాతి స్తంభాలు అద్దాల్లా మెరుస్తాయి. ఆ నునుపు చూసే కాబోలు, తర్వాతి కాలంలో చోళులు కొన్ని నొళంబ స్తంభాలను ఎత్తుకుపోయి కావేరి ఒడ్డున తిరువైయారు గుడిలో నిలబెట్టుకున్నారు. తొమ్మిదో శతాబ్దం చివర్లో ఈ హెంజేరును ఏలినవాడు మహేంద్రుడు. దక్షిణాన పొరుగువాళ్ళు గంగరాజులు. రెండు ఇళ్ళకూ వియ్యముంది. గంగవంశపు ఆడపిల్ల జాయబ్బె నొళంబుల కోడలు. వియ్యమున్న చోట పంపకాల గొడవ లేకుండా ఉంటుందా? ఆ గొడవలో గంగల వైపున పోయినవాళ్ళ రాళ్ళు బెంగుళూరులో ఉన్నాయి. వాటిని చూడాలని ఎన్నాళ్ళుగానో అనుకుంటూనే ఉన్నాను.

తోడొచ్చింది మా మేనల్లుడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. మధ్యలో రెండేళ్ళు స్టాక్‌హోంలో పనిచేసి వచ్చాడు. చలికి పెదాలు పగిలి, రాగిసంగటి కోసం అల్లాడి, ఆఖరికి ఆ దేశపు పాత రాళ్ళ పిచ్చి ఒకటి తగిలించుకుని తిరిగొచ్చాడు. కారు వాడిది, పెట్రోలు నాది అని ఒప్పందం.

కారు స్టార్టు చేయగానే వాడి ఫోను కారుకు తగులుకుని ఘంటసాల పాట అందుకుంది.

"ఈ బ్లూటూత్ ఎవురో తెలుసా మామా?" అన్నాడు.

"ఎవురేందిరా, అదొక మిషనుకు పేరు."

"కాదు, రాజు పేరు. డెన్మార్కు రాజు."

పదో శతాబ్దపు హరాల్డ్ అట. ఒక పన్ను నల్లగానో నీలంగానో ఉండేదని లోకం ఆ పేరు పెట్టింది. చెదిరి ఉన్న డేన్ జాతిని ఒక్కటి చేశాడు కాబట్టి, రకరకాల కంపెనీల యంత్రాలను కలిపే పద్ధతికి 1990ల్లో ఇంజనీర్లు ఆయన పేరు తగిలించారు. ఫోను తెర మీద కనబడే ఆ గుర్తు కూడా హరాల్డ్ పేరులోని రెండు మొదటి అక్షరాలను రూన్ అనే పాత లిపిలో కలిపి రాసిందే. ఆయన తల్లిదండ్రుల జ్ఞాపకంగా యెల్లింగ్ అనే ఊళ్ళో ఒక పెద్ద బండరాయి నిలబెట్టి, తాను డెన్మార్కునూ నార్వేనూ గెలిచానని, డేన్లను క్రైస్తవులుగా మార్చానని దాని మీద చెక్కించుకున్నాడు. చివరికి కన్నకొడుకే తిరగబడితే పారిపోయి చచ్చాడు. ఆ సంగతి రాయి మీద లేదు.

"అందరినీ కలిపినోడికి కొడుకుతో కలవలేదు" అన్నాను. వాడు నవ్వి గేరు మార్చాడు. గౌరిబిదనూరు, దొడ్డబళ్ళాపురం దాటాం. యలహంక నుంచి ట్రాఫిక్కు మొదలు.

హెబ్బాళ దగ్గర పడేసరికి విమానాశ్రయం బస్సులు బారులు తీరి ఉన్నాయి. నీలపు వోల్వోలు. మా వైపు ఏసీ బస్సుకు పేరే వోల్వో; అది స్వీడన్ కంపెనీ అని, హొసకోటె దగ్గర ఫ్యాక్టరీ పెట్టిందని ఎవరికీ పట్టదు. దాని ముందు ఉండే గుండ్రం, బాణం గుర్తు పూర్వం ఇనుముకు వాడిన చిహ్నం. రోమన్లకు అదే యుద్ధదేవుడి గుర్తు. ఆ బస్సుల మధ్య అరగంట ఇరుక్కున్నాక యుద్ధం గురించి నాకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

హెబ్బాళలో చూడాల్సింది కిత్తయ్య రాయి. సుమారు 750 నాటిది. బెంగుళూరు నగరంలో దొరికిన కన్నడ శాసనాల్లో పాతదిగా దీన్నే చెబుతారు. 2018లో వీధి తవ్వకం పనుల్లో బయటపడింది. కొన్నాళ్ళు దుమ్ములో ఉన్నాక, ఊరివాళ్ళూ చరిత్ర మీద ప్రేమ ఉన్న కొందరూ పూనుకుంటే దాని కోసం చిన్న మంటపం లేచింది. 1909లో పుట్టిన ఇక్కడి మిథిక్ సొసైటీ వాళ్ళు నగరంలోని ఇలాంటి రాళ్ళను ఒక్కొక్కటే త్రీడీ స్కానింగ్ చేసి భద్రపరుస్తున్నారు. మంచి పనే. రాయిని మురుగుకాల్వ మీద బండగా వేసుకునే దేశంలో మనకు ఆ నకళ్ళే దిక్కయ్యేలా ఉన్నాయి.

గంగరాజు శ్రీపురుషుడు ఏలుతుండగా, పెర్బొళల్ నాడు-30 అనే సీమలో, ఊరి మీదికొచ్చిన వాళ్ళతో కిత్తయ్య అనే మనిషి తలపడి, పోరాడి, ఇంద్రలోకం చేరాడు. రాయి చెప్పేది ఇంతే. పెర్బొళలే నోరు తిరిగి తిరిగి హెబ్బాళ అయింది. 'పెర్' అంటే పెద్ద. 'పొళల్' అంటే ఊరు. మన 'ప్రోలు' ఆ మాటకు చుట్టమే. అంటే కిత్తయ్య పోయింది ఒక పెద్దప్రోలు కోసం. ఆ పోరును శాసనం 'ఊరళివు' అంటుంది. ఊరు అళిసిపోవడం, పాడవడం. కిత్తయ్య ఏం చేసేవాడో, అతని వెనక ఎవరు ఏడ్చారో రాయి చెప్పదు.

మేనల్లుడు మంటపం గట్టు మీద కూర్చుని ఇంకో కథ ఎత్తుకున్నాడు. ఇదే కాలం. బాల్టిక్ సముద్రంలో ఎస్టోనియాకు చెందిన సారెమా దీవి. అక్కడ సాల్మె అనే పల్లెలో 2008లో కరెంటు కేబులు కోసం కూలీలు కందకం తవ్వుతుంటే మనుషుల ఎముకలు తగిలాయి. తర్వాత పురావస్తువాళ్ళు తవ్వితే రెండు ఓడలు. చెక్క ఎప్పుడో మట్టిలో కలిసిపోయింది, మేకుల వరసలు మిగిలాయి. ఒకదాంట్లో ఏడుగురు, ఇంకోదాంట్లో ముప్పై నలుగురు. కత్తులు, డాళ్ళు, ఆడుకునే పావులు, కుక్కలు. పళ్ళను పరీక్ష చేస్తే వాళ్ళు స్టాక్‌హోం చుట్టుపక్కల సీమలో పెరిగిన మనుషులని తేలింది. 2020లో వచ్చిన డీఎన్ఏ ఫలితాల్లో ఇంకో మాట బయటపడింది. పక్కపక్కనే పడుకోబెట్టిన నలుగురు సొంత అన్నదమ్ములు.

"నలుగురూనా?"

"నలుగురూ. ఒకే ఓడలో."

వైకింగుల యుగం 793లో మొదలైందని బడిపుస్తకాలు రాస్తాయి. ఇంగ్లండు తీరంలో లిండిస్‌ఫార్న్ అనే దీవి మఠాన్ని వాళ్ళు దోచుకున్న ఏడాది అది. దానికి నలభై యాభై ఏళ్ళ ముందే ఒక తల్లికి నలుగురు కొడుకులు ఒక్క దెబ్బకు పోయారు. మఠంలో రాయడం వచ్చిన సన్యాసులున్నారు కాబట్టి 793 చరిత్రయింది. సాల్మెలో రాసేవాడు లేడు కాబట్టి అది కరెంటు కేబులు కోసం ఆగాల్సి వచ్చింది. వైకింగుల మీద మనకు ఉన్న బొమ్మంతా దెబ్బతిన్నవాళ్ళు రాసిపెట్టిందే. ఐర్లండు, ఇంగ్లండు, ఫ్రాంకుల దేశపు మఠాల్లో భయంతో రాసిన మాటలు. కొమ్ముల టోపీ అయితే అసలు వాళ్ళది కానే కాదు. 1876లో జర్మనీలో వాగ్నర్ ఒపెరాకు దుస్తులు కుట్టించినవాడి పుణ్యం. నొళంబుల గురించి గంగల శాసనాలు చెప్పేవాటిని కూడా నేను ఈ చెవితోనే వింటాను. మహేంద్రుణ్ణి చంపిన గంగరాజు 'మహేంద్రాంతక' అని బిరుదు పెట్టుకున్నాడు. కొన్ని తరాల తర్వాత ఇంకో గంగరాజు మారసింహుడు ఏకంగా 'నొళంబకులాంతక' అన్నాడు. మా వంశానికే యముడట. అయినా నొళంబులు ఆ తర్వాత కూడా చాలాకాలం బతికే ఉన్నారు. బిరుదులకేం, అవి రాయించుకున్నవాడి సొమ్ము.

అక్కణ్ణుంచి కస్తూర్బా రోడ్డు మ్యూజియంకు పోయాం. 1877 నాటి ఎర్రటి భవనం. లోపల నేను వెతుక్కుంటూ పోయింది బేగూరు నుంచి తెచ్చిపెట్టిన వీరగల్లు, అంటే పోరులో పోయినవాడి జ్ఞాపకంగా నిలిపిన రాయి. పెద్ద పలక. ముందుగా చూపు పడేది అక్షరాల మీద కాదు, గందరగోళం మీద. గుర్రం, ఏనుగు, ఎత్తిన కత్తులు, కాళ్ళ కింద పడిన శవాలు. మామూలు వీరగల్లులో ఒక్క వీరుడు విల్లు పట్టుకుని నిలబడి ఉంటాడు. ఇక్కడ మొత్తం యుద్ధమే ఉంది. చెక్కినవాడు ఆ పోరును చూసి ఉండాలి, లేకపోతే చూసినవాణ్ణి కూర్చోబెట్టుకుని విని ఉండాలి. ఏనుగు ముందు మనిషి ఎంత చిన్నవాడో తెలిసి చెక్కిన చెయ్యి అది.

కథ ఇది. గంగరాజు ఎరెయప్ప తన సేనను వీరమహేంద్రుడి మీదికి పంపాడు. ఈ వీరమహేంద్రుడు మా హెంజేరు మహేంద్రుడేనని చరిత్రకారులు ఎక్కువమంది మాట. తుంబెపాడి దగ్గర రెండు సేనలూ ఎదురుపడ్డాయి. నాగత్తరుడనే నాయకుడు ఏనుగులకు ఎదురెళ్ళి కొట్లాడి పోయాడు. సంగతి విన్న ఎరెయప్ప మెచ్చి, ఇరుగుడు అనే అతనికి నాగత్తర పట్టం కట్టి, బెంపూరు-12 ఇచ్చాడు. బెంపూరంటే బేగూరు. పన్నెండు ఊళ్ళు. ఆ తర్వాత రాయి మీద ఊళ్ళ పేర్లు వరసగా వస్తాయి. వాటిలో ఇగ్గలూరు లాంటివి ఇప్పటికీ బస్సు బోర్డుల మీద కనబడేవే.

అక్కడ ఆగిపోయాను. మనం వీరగల్లు అనగానే శౌర్యం, త్యాగం, పద్యం. రాయి మాత్రం ఆ శౌర్యాన్ని నాలుగు ముక్కల్లో తేల్చేసి, ఏ భూమి ఎవరికి దక్కిందో తీరిగ్గా చెబుతోంది. నాగత్తరుడు పోయాక ఆ పట్టం ఎవరికన్న ప్రశ్న ఊళ్ళో వచ్చే ఉంటుంది. దానికి జవాబు రాతి మీద అందరికీ కనబడేలా పెట్టారు. మా తాతల కాలంలో దస్తావేజు, ఇప్పుడు పట్టాదారు పాసుపుస్తకం. పోరులో పోయినవాడి ఇంటికి ఇచ్చే మాన్యాన్ని పాత కన్నడంలో 'నెత్తరు కొడగె' అంటారు. నెత్తురుకు ఇచ్చిన కానుక. తెలుగువాడికి ఆ మాట అర్థం చెప్పనక్కర్లేదు.

"మా స్వీడన్లో కూడా ఇంతే మామా" అన్నాడు మేనల్లుడు. రెండేళ్ళకే 'మా స్వీడన్' అయిపోయింది.

వాడు ఫోనులో ఒక ఫోటో చూపించాడు. మేలరెన్ సరస్సు దీవిలో హిల్లెర్షో అనే చోట నేలలోని బండ. దాని మీద పాములా మెలికలు తిరిగిన పట్టీ, ఆ పట్టీలో రూన్ అక్షరాలు. పదకొండో శతాబ్దానిది. స్వీడన్లో ఇలాంటి రాళ్ళు రెండున్నర వేలకు పైనే ఉన్నాయి. ఎక్కువ వాటి మీద ఉండేది ఒకటే పద్ధతి: ఫలానావాడు ఫలానావాడి జ్ఞాపకంగా ఈ రాయి నిలిపాడు. నిలిపినవాడి పేరు ముందు, పోయినవాడి పేరు తర్వాత. వారసత్వం ఎవరిదో చాటుకోవడానికే ఆ వరస అని వాదించే పండితులున్నారు. హిల్లెర్షో బండ ఆ వాదానికి బలం.

అది గెర్లోగ్ అనే ఆవిడ కథ. కన్నెపిల్లగా గెర్ముండ్‌ను పెళ్ళాడింది. కొడుకు పుట్టాడు. గెర్ముండ్ నీళ్ళలో మునిగి పోయాడు. తర్వాత కొడుకూ పోయాడు. గుద్రిక్‌ను మారుమనువాడింది. పిల్లలు పుట్టారు, ఒక్క కూతురు ఇంగా మాత్రం బతికింది. ఇంగాను రాగ్న్‌ఫాస్ట్ చేసుకున్నాడు. అతను పోయాడు, ఆ తర్వాత వాళ్ళ కొడుకు పోయాడు, కొడుకు ఆస్తి తల్లి ఇంగాకు వచ్చింది. ఇంగా ఎరిక్‌ను చేసుకుంది. ఆవిడా పోయింది. అప్పుడు ఆస్తి అంతా ముసలి తల్లి గెర్లోగ్‌కు చేరింది. చెక్కినవాడు తొర్బ్యోర్న్, కవి. అయినా ఇందులో కవిత్వం లేదు. మండలాఫీసులో ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ కోసం నిలబడినవాళ్ళకు ఈ బాణీ బాగా తెలుసు. ఎవరు ముందు పోయారు, ఎవరు వెనక పోయారు, అందువల్ల ఎకరాలు ఎవరివి. ఇన్ని చావులు చూసిన ముసలామెకు బండ మీద మిగిలింది ఈ లెక్క. ఆమె ఏడ్చి ఉండదని నేననను. ఏడుపు కోర్టులో చెల్లదని ఆమెకు తెలుసు, అంతే.

అక్కడికి దగ్గర్లోనే ఆతకూరు రాయి ఉంది. మండ్య జిల్లా నుంచి తెచ్చారు. దీని ముందు మా ఇద్దరికీ మాటలు తగ్గాయి, ఎందుకంటే దీని వీరుడు కుక్క. దాని పేరు కాళి. 949లో తక్కోలం దగ్గర పెద్ద యుద్ధం. ఒక పక్క రాష్ట్రకూట కృష్ణుడు, అతని బావ గంగ బూతుగుడు. ఇంకో పక్క చోళ రాజాదిత్యుడు. రాజాదిత్యుడు అందులోనే చచ్చాడు. ఆ యుద్ధంలో మెప్పు పొందిన మనలేరుడు అనే బంటును బూతుగుడు ఏం కావాలో కోరుకోమన్నాడు. ఊళ్ళు అడగొచ్చు, బంగారం అడగొచ్చు. 'నీ వేటకుక్క కాళిని ఇవ్వు' అన్నాడు మనలేరుడు. తర్వాత కేలలె సీమలో ఒక పెద్ద పంది మీదికి కాళిని వదిలారు. పందీ కుక్కా రెండూ ఒకదాన్నొకటి చంపుకున్నాయి. ఆతకూరులో గుడి ముందు కుక్కకు రాయి నిలిపి, మాన్యం రాసి, పూజ జరిపించే ఏర్పాటు చేశారు. బొమ్మలో పంది పెద్దదిగా, కుక్క దాని మీద పడుతూ ఉంటుంది. చోళ రాజకుమారుడి చావు ఈ రాయి మీద ఉంది. బొమ్మ మాత్రం కాళిది. చెక్కించినవాడి మనసు ఎక్కడుందో దీన్నిబట్టి తెలిసిపోతుంది.

వైకింగు వీరుల స్వర్గంలో కూడా ఒక పంది ఉంది, సేహ్రిమ్నిర్ అని. ఓడిన్ దేవుడి మందిరం వల్హల్లాలో చేరిన వీరులు పగలంతా కొట్లాడుకుని, సాయంత్రానికి లేచి కూర్చుని ఆ పంది మాంసం తింటారట. రోజూ వండినా మర్నాటికి అది మళ్ళీ ప్రాణంతో ఉంటుంది. పదమూడో శతాబ్దంలో ఐస్లాండులో స్నోర్రి అనే ఆయన ఈ కథలు గ్రంథంగా రాసిపెట్టాడు. యుద్ధంలో పోయినవాళ్ళందరూ ఓడిన్‌కే దక్కరు. సగంమందిని ఫ్రెయా దేవత తీసుకుంటుంది. పంపకం అక్కడా తప్పలేదు.

మామూలు వీరగల్లును కింది నుంచి పైకి చదవాలి. అడుగున పోరు. నడుమ అప్సరసలు ఇద్దరు వీరుణ్ణి భుజాలు పట్టి ఎత్తుకుపోతుంటారు. పైన శివలింగం, పూజారి, చేతులు జోడించి కూర్చున్న వీరుడు. స్వీడన్‌కు తూర్పున గోట్‌లాండ్ దీవిలో బొమ్మరాళ్ళు నాలుగొందలకు పైగా ఉన్నాయి. మేనల్లుడు వాటిలో ఒకదాన్ని, చ్యాంగ్‌విడె రాయిని, స్టాక్‌హోం మ్యూజియంలో చూశాడు. దాన్నీ కింది నుంచే చదవచ్చు. అడుగున తెరచాప ఓడ. పైన ఎనిమిది కాళ్ళ గుర్రం మీద రౌతు. అతనికి ఎదురుగా కొమ్ము పాత్రలో పానీయం పట్టుకుని ఒక స్త్రీ. ఇక్కడ అప్సరస, అక్కడ వీరుల్ని ఓడిన్ మందిరానికి చేర్చే వాల్కిరీ. ఒకరినొకరు చూసి నేర్చుకున్నారనడానికి ఏ ఆధారమూ లేదు, నేను అననూ అనను. కొడుకు పోయిన ఇంటివాళ్ళు వాడు పోయిన చోట ఒక ఆడమనిషి ఎదురొచ్చి దాహం తీర్చాలని రెండు చోట్లా కోరుకున్నారు. ఆ కోరికకు ఓడ ఎక్కి రావాల్సిన పనిలేదు.

బేగూరుకు పోయేసరికి పొద్దు వాలింది. బొమ్మనహళ్ళి దగ్గర ట్రాఫిక్కు ఒకటిన్నర గంట తినేసింది. కుడి ఎడమల అపార్టుమెంట్లు, మధ్యలో చెరువు, చెరువు పక్కన పంచలింగేశ్వరుడి గుడి. ఇందులో నాగేశ్వరుడి గుడి గంగల నాటిది, మరికొన్ని చోళుల కాలానివి. బెంగుళూరు పేరును ప్రపంచానికి చెప్పే రాయి ఇక్కడిదే. సుమారు 890 నాటి ఈ వీరగల్లు 'బెంగుళూరు కాళగం'లో నాగత్తరుడి ఇంటి మనిషి చనిపోయాడని చెబుతుంది. బెంగుళూరు అన్న పేరు రాతలో దొరికే పాత చోటు ఇది. బెంగుళూరుకు కెంపేగౌడ కోట కట్టింది ఆ తర్వాత ఎప్పుడో, 1537లో. హొయ్సళ బల్లాళుడు అడవిలో దారి తప్పితే ఒక ముసలమ్మ ఉడికించిన గింజలు పెట్టిందని, అందుకని బెందకాళూరు అయిందని ఒక కథ. బల్లాళుడు పుట్టక ముందే ఊరికి ఈ పేరుంది. ఆ పేరు మొదట దొరికింది ఒక కొట్లాటలో, అది కూడా ఒక చావు కబురులో. గింజల కథే బాగుంది, పిల్లలకు అదే చెప్పండి.

ఆ కాళగం ఎవరెవరి మధ్య జరిగిందో రాయి విడమరచి చెప్పదు. నాగత్తరుడి మనుషులకు ఆ రోజుల్లో తెగని వైరం ఎవరితోనో మ్యూజియంలోని రాయి చెప్పింది కాబట్టి, నా లెక్క ప్రకారం అవతల మావాళ్ళు ఉండటానికి అవకాశం ఎక్కువ. ఇది నా ఊహ. మేనల్లుడు ఒప్పుకోలేదు. "ప్రతి గొడవలో మనోళ్ళే ఉండాలా మామా" అన్నాడు.

అదే 890 ప్రాంతంలో నార్వేలో ఒక ఓడ తయారైంది. ఓక్ చెక్కతో, ఇరవై మూడు మీటర్లకు పైగా పొడవుతో, పక్కకు పదహారు చొప్పున ముప్పై రెండు తెడ్లతో. పదేళ్ళు సముద్రం మీద తిరిగాక దాన్ని ఒడ్డుకు లాగి, మధ్యలో చెక్కగది కట్టి, నలభై దాటిన ఒక నాయకుణ్ణి అందులో పడుకోబెట్టి, పైన మట్టిగుట్ట పోశారు. కాళ్ళ మీద కత్తిదెబ్బలున్న ఎముకలు. అతను మంచంలో పోలేదు. 1880లో గోక్‌స్టాడ్ అనే ఆ చోట గుట్ట తవ్వితే ఓడతోపాటు అరవై నాలుగు డాళ్ళు, పన్నెండు గుర్రాలు, ఎనిమిది కుక్కలు, రెండు డేగలు బయటపడ్డాయి. రెండు నెమళ్ళు కూడా.

నెమళ్ళు. మంచు దేశంలో, చేపల వాసన కొట్టే ఆ ఒడ్డున! మన అడవుల పక్షి ఎప్పుడో గ్రీకు, రోమన్ల పెరళ్ళకు చేరింది. అక్కణ్ణుంచి చేతులు మారి ఉత్తరానికి పోయి ఉంటుంది. మనవైపు నుంచి పోయింది నెమళ్ళే కాదు. స్వీడన్‌లో హెల్గో అనే దీవిలో 1950ల్లో తవ్వితే సుమారు ఎనిమిదిన్నర సెంటీమీటర్ల కంచు బుద్ధుడు దొరికాడు. స్వాత్ లోయ ప్రాంతంలో పోతపోసిన బొమ్మ. మేనల్లుడు ఉద్యోగం చేసిన రెండేళ్ళలో ఆ బుద్ధుణ్ణి మ్యూజియంలో ఏడెనిమిదిసార్లు చూసొచ్చాడు. "ఆ గాజుపెట్టెలో ఆయప్పకు కూడా చలిగానే ఉంటుందేమో అనిపించేది" అన్నాడు. వాడి ఒంటరితనం గురించి వాడు నాతో చెప్పిన ఒకే మాట అది.

ఆ రోజుల్లోనే ఒట్టార్ అనే నార్వే ఆసామి ఇంగ్లండు రాజు ఆల్‌ఫ్రెడ్ కొలువుకు వచ్చాడు. డేన్ల దండుతో జీవితమంతా యుద్ధం చేసిన ఆల్‌ఫ్రెడ్, ఈయన్ను కూర్చోబెట్టి ఊరు, దారి అడిగి రాయించుకున్నాడు. కత్తి లేకుండా వచ్చిన ఉత్తరాది మనిషి గొంతు మనకు వినబడే అరుదైన చోటు ఇది. తాను అందరికన్నా ఉత్తరాన ఉంటానని చెప్పాడు. తన ఆస్తి చెప్పాడు: మచ్చికైన రెయిన్‌డీర్లు ఆరు వందలు, ఆవులు ఇరవై, గొర్రెలు ఇరవై, పందులు ఇరవై. మా మడకశిర వైపు ఏ రైతును అడిగినా ఇలాగే మొదలుపెడతాడు. వాళ్ళ పాతభాషలో 'ఫే' అంటే పశువులూ అవే, డబ్బూ అదే. రూన్ లిపిలో మొదటి అక్షరానికి పేరు అదే. మన అక్షరాలు అమ్మతో మొదలైతే వాళ్ళవి గొడ్డుతో మొదలవుతాయి. పైగా ఆ ఫే, మన పశువు ఒకే వేరు నుంచి మొలిచిన మాటలు. ఉత్తరాంధ్రలో గొడ్లను సొమ్ములంటారు కదా, అదీ అంతే. కన్నడ దేశపు వీరగల్లుల్లో చాలా వాటివి తురుగోళు కథలు. గొడ్లను తోలుకుపోతుంటే అడ్డుపడి పోయినవాళ్ళు. విరాటపర్వంలో కౌరవులు చేసిందీ, కాటమరాజు నెల్లూరు సిద్ధిరాజుతో తలపడిందీ గొడ్ల కోసమే. నాటి యుద్ధాల్లో చాలా వాటిని కిరీటాలు తీసేసి చూస్తే ఒక బీడు, ఒక మంద మిగులుతాయి.

గుడి ఆవరణలో రాళ్ళ దగ్గర ఒక పెద్దామె కనబడింది. ఒక వీరగల్లుకు నీళ్ళు పోసి, పసుపు రాసి, కుంకుమ పెడుతోంది. కత్తి పట్టిన చెయ్యి, ఎగిరిన కొప్పు పసుపులో మునిగిపోయాయి. నేను కన్నడంలో తడబడుతుంటే ఆమె తెలుగులోకి మారింది. ఈ వైపు పాత ఊళ్ళలో మన మాట మాట్లాడే ఇళ్ళు చాలానే ఉన్నాయి.

"ఈయనెవురమ్మా?" అని అడిగాను.

"దేవుడప్పా."

"యా దేవుడు?"

"అది నాకేం తెల్సు. మా అత్త పెడతా ఉండె, నేనూ పెడతా ఉండా. ఇంతకుముందు మాకు ఎనుములుండె. ఈ సామికి మొక్కితే ఈనేతప్పుడు కష్టం రాదనేది అత్త."

"ఇప్పుడు ఎనుములు?"

"ఇప్పుడు అపార్టుమెంటు" అని చెరువు అవతలికి చెయ్యి చూపించింది. "మీదే ఊరు?"

హిందూపురం అన్నాను. ఆగి, హేమావతి దగ్గర అని కూడా అన్నాను. ఎందుకన్నానో తెలియదు. నాగత్తరుడి ఊళ్ళో నిలబడి దాచిపెట్టడం బాగుండదనిపించింది.

"అట్లయితే మనోళ్ళే" అని, చెంబులో మిగిలిన నీళ్ళు మా ఇద్దరి చేతుల్లో పోసి, పసుపు అంటిన వేళ్ళు కొంగుకు తుడుచుకుంది.